కరీబియన్ పిల్లల కథల్ని పుస్తకంగా తేవాలంటే: జిరాక్సా, ప్రెస్సా, అమెజానా?

గయానాలో, జార్జ్‌టౌన్‌లో, శనివారం పొద్దున పూట పిల్లల చేత కథలు రాయించడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఈ మధ్య ట్రినిడాడ్ నుంచి ఒకరు, గ్రెనడాలో మెడికల్ కాలేజీ దగ్గరుండే మన తెలుగువాళ్లు ఇంకొకరు దాదాపు ఒకే మాట అడిగారు. "పిల్లలు రాసిన కథలు ఓ ఇరవై దాకా పోగయ్యాయండీ, పుస్తకం వేద్దామనుకుంటున్నాం. అమెజాన్‌లో పెట్టేస్తే అయిపోతుంది కదా?" అని. అయిపోదు. పెట్టడం వరకూ అయిపోతుంది, ఆ పుస్తకం రాసిన పిల్లల చేతికి రావడం మాత్రం వేరే సంగతి. నాకు మొదటి పుస్తకంతోనే ఇది తెలిసొచ్చింది కాబట్టి, నేను చేసి చూసినవీ పక్క దేశాల్లో బాగా నడుస్తున్నవీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోండి. ఈ పుస్తకం అందరికంటే ముందు ఎవరు చదవాలి? పక్క బెంచీలో కూర్చునే పిల్లలా? న్యూయార్క్ రిచ్‌మండ్ హిల్‌లోనో టొరంటోలోనో స్థిరపడిన మేనత్తలూ బాబాయిలూనా? లేక ఎక్కడివాళ్లైనా సరేనా? మూడింటికీ మూడు వేరే దారులున్నాయి, ఒకే దారిలో మూడూ దొరుకుతాయని వెళ్తే డబ్బూ పోతుంది, పిల్లల ఉత్సాహమూ పోతుంది. నా జవాబు ఎప్పుడూ పక్క బెంచీయే. ఎందుకో ఒక కథ చెప్తే తెలుస్తుంది.

ఇక్కడ ఓల్ హైగ్ అని ఒక ముసలి దెయ్యం ఉంది. రాత్రిపూట చర్మం విప్పేసి నిప్పుబంతిలా ఎగురుతూ వచ్చి పసిపిల్లల రక్తం పీలుస్తుందని చెప్తారు. గుమ్మం ముందు బియ్యం చల్లితే, ప్రతి గింజా లెక్కపెట్టకుండా లోపలికి రాలేదు, ఈలోపు తెల్లవారిపోతుంది. మా దగ్గరికి వచ్చే తొమ్మిదేళ్ల పిల్లవాడు దీని మీద కథ రాశాడు. అతని కథలో ఓల్ హైగ్‌కి ఇరవై దాటి లెక్క రాదు, ఎందుకంటే చిన్నప్పుడు దాన్ని ఎవరూ బడికి పంపలేదు. గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే ఇంట్లో పిల్లవాడు నిద్ర లేచి వచ్చి, పక్కన కూర్చుని ఇరవై ఒకటి, ఇరవై రెండు అని నేర్పుతాడు. తెల్లారేసరికి వందకి చేరుకుంటారు. పెన్సిల్‌తో రాసిన రెండు పేజీలు, రబ్బరుతో చెరిపి చెరిపి ఒకచోట కాగితానికి చిల్లు పడింది, ఆ చిల్లు చుట్టూ గీత గీసి దాన్నే ఒక బియ్యపు గింజ చేశాడు. ఈ కథ చదివితే అమెరికాలో వాళ్లు ముచ్చటపడతారు, నిజమే. కానీ రాత్రి గుమ్మం వైపు చూడడానికి భయపడే ఇక్కడి పిల్ల చదివితే జరిగేది వేరు. ఆ పిల్ల చేతిలో పుస్తకం ఉండాలి, అది నాకు ముఖ్యం.

అందుకని మొదట చేత్తో చేసే పుస్తకం గురించి, తీరిగ్గా. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకి మడిస్తే 16 పేజీల చిన్న పుస్తకం వస్తుంది, అట్టకి ఇంకో కాగితం. అరవై కాపీలు తీయాలంటే లోపలికి 240 కాగితాలు, అంటే ఒక రీములో సగం కూడా పట్టదు. రెండు వైపులా జిరాక్స్ తీయించి, మడిచి, మధ్యలో పిన్ను కొడితే అయిపోయింది. అయితే ఇక్కడ సముద్రపు గాలికి పిన్నులు తుప్పు పడతాయి, రెండు వానాకాలాలు దాటేసరికి మధ్య పేజీ మీద ఎర్రటి మరక దిగుతుంది. మేమిప్పుడు పిన్ను మానేసి మూడు చిల్లులు పొడిచి దారంతో కుడుతున్నాం, కుట్టడం పిల్లలే చేస్తారు. పెన్సిల్ బొమ్మలు జిరాక్స్‌లో సగం మాయమైపోతాయి కాబట్టి నల్ల పెన్నుతో గీత మీద గీత మళ్లీ వేయమనండి. మీరు దిద్దకండి, గీత వంకరైనా వాళ్ల చెయ్యే పడాలి. ఖర్చు తక్కువ, తప్పు దొరికితే వారంలో మళ్లీ తీయొచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా శనివారం రాసిన కథ వచ్చే శనివారానికి పుస్తకమై కనబడుతుంది. పెద్దవాళ్లకి ఆరు నెలలు పెద్ద లెక్క కాదు, తొమ్మిదేళ్ల పిల్లలకి ఆరు నెలల తర్వాత తన కథే పసితనంగా అనిపిస్తుంది.

ఇదేదో డబ్బుల్లేనివాళ్లు చేసుకునే పని అనుకోకండి. హైతీలో లగోనావ్ దీవి మీద మతెన్వా అనే ఊళ్లో ఒక బడి ఉంది, 1996లో మొదలైంది. అక్కడ పిల్లలు తమ మాతృభాష క్రెయోల్‌లో సొంత కథలు రాసి, బొమ్మలు వేసి, వాటినే తరగతిలో చదువుకునే పుస్తకాలుగా వాడతారు. తల్లిభాష పుస్తకాలు అని వాటికి పేరు. హైతీ ప్రజలందరి నోటా ఉండే భాష క్రెయోల్. దానికి అధికారిక లిపి పద్ధతి 1979లో కుదిరింది, రాజ్యాంగంలో ఫ్రెంచితో సమానమైన హోదా 1987లో వచ్చింది, బళ్లలో మాత్రం చాలాకాలం ఫ్రెంచిదే పెత్తనం. ఆ పరిస్థితిలో చిన్నపిల్లలు చదవడానికి వాళ్ల భాషలో పుస్తకాలు లేకపోతే, ఆ పిల్లల చేతే తయారుచేయించారు. నేను మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు మా కథల క్లబ్బు మీద నా ఆలోచనే మారింది. అంతవరకూ పుస్తకం అంటే ఏడాది చివర్లో ఒక బహుమతి అనుకునేదాన్ని, ఇప్పుడు పుస్తకం అంటే వచ్చేవారం చదవడానికి కావలసిన వస్తువు.

రెండో దారి ఊళ్లో ప్రెస్సు. కథలు పది పదిహేను దాటి, స్కూళ్లకి పంచాలి, లైబ్రరీల్లో పెట్టాలి అనుకుంటే ఇదే మేలు. ఇక్కడ ఒకటి గమనించండి. ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి అచ్చు వేసే పద్ధతి) అయితే ఆ ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది, కాబట్టి కాపీలు వందల్లో ఉంటేనే గిట్టుబాటు. వంద, నూటయాభై అయితే డిజిటల్ ప్రింట్ అడగండి. సెంటర్ పిన్నింగ్ చేయించేటట్లయితే పేజీల సంఖ్య నాలుగు చొప్పున పెరగాలి, అంటే 28 లేదా 32 పేజీలు వస్తాయి, 30 కుదరదు, మిగిలిన పేజీల్లో ఏం పెట్టాలో ముందే అనుకోవాలి. మేము మొదటిసారి ఒక ప్రెస్సుకి ఫైలు పంపి ఊరుకున్నాం, కాగితాలు మడిచి డమ్మీ చేసి ఇవ్వలేదు. పుస్తకాలు వచ్చాక చూస్తే ఒక పాప కథ ఏడో పేజీలో ఆగిపోయి పన్నెండో పేజీలో మళ్లీ మొదలైంది, మధ్యలో ఇంకొకరి చేపల కథ. ఆ పాప ఏమీ అనలేదు, పుస్తకం మూసి బ్యాగులో పెట్టుకుంది. ఆ మొహం నాకింకా గుర్తుంది. అందుకే చెప్తున్నాను, డమ్మీ ఇవ్వండి, ఒక్క కాపీ కొట్టించుకుని, రాసిన పిల్లల చేత ఒక్కో పేజీ తిప్పించి, అప్పుడే మిగతావి వేయమనండి.

ప్రెస్సులో వేస్తున్నారంటే ఐఎస్‌బీఎన్ (ప్రపంచంలో ఎక్కడైనా ఆ పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు) కూడా తీసుకోండి. గయానాతో పాటు చాలా చిన్న దేశాలకి దీన్ని ఇచ్చే ప్రాంతీయ ఏజెన్సీ జార్జ్‌టౌన్‌లోనే, క్యారికామ్ (కరీబియన్ దేశాల కూటమి) సచివాలయంలో ఉంది. జమైకాలో నేషనల్ లైబ్రరీ, ట్రినిడాడ్‌లో నాలిస్ అనే జాతీయ లైబ్రరీ సంస్థ చూస్తాయి. క్యారికామ్ దేశాల పుస్తకాలకి 978 తర్వాత 976 అని ఉంటుంది. ఆ మూడంకెలు చూస్తే ఇది కరీబియన్‌లో పుట్టిన పుస్తకం అని తెలిసిపోతుంది, పిల్లలకి ఆ సంగతి చెప్పండి, వాళ్లు లైబ్రరీలో ప్రతి పుస్తకం వెనకట్ట తిప్పి 976 కోసం వెతకడం మొదలుపెడతారు. కావలసినన్ని దొరకవు. దొరక్కపోవడం కూడా వాళ్లకి తెలియాలి అని నేననుకుంటాను.

ఇక అమెజాన్. ఎవరి పుస్తకం వాళ్లే వేసుకోవడానికి వాళ్లు పెట్టిన కేడీపీలో ముందుగా డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా కొన్నప్పుడు ఒక్కో కాపీ అచ్చవుతుంది, విదేశాల్లో ఉన్న బంధువులు ఇంట్లో కూర్చుని తెప్పించుకుంటారు. ఈ పనికి దీన్ని మించింది లేదు. చిక్కులు తర్వాత మొదలవుతాయి. పేపర్‌బ్యాక్‌కి కనీసం 24 పేజీలుండాలి, కాబట్టి ఒక పిల్ల కథ ఒక పుస్తకంగా రాదు, అందరివీ కలపాల్సిందే. ఖాతా 18 నిండినవాళ్ల పేరు మీదే తెరవాలి, అంటే డబ్బు మీ పేరు మీద వస్తుంది, ఆ డబ్బు ఏం చేస్తారో తల్లిదండ్రులకి ముందే కాగితం మీద రాసివ్వండి, తర్వాత మాట రాకుండా ఉంటుంది. గయానాకి అమెరికాతో పన్ను ఒప్పందం లేదు కాబట్టి, ఇక్కడివాళ్ల పేరు మీద ఖాతా ఉంటే అక్కడి అమ్మకాల రాయల్టీలో 30 శాతం అక్కడే పట్టుకుంటారు. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌లకి ఒప్పందాలున్నాయి. మీ బ్యాంకుకి ఆ చెల్లింపు ఎలా చేరుతుందో ఖాతా తెరిచే రోజే కనుక్కోండి. వాళ్లు ఉచితంగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ వాళ్ల దగ్గర తప్ప ఇంకో ప్రెస్సులో పనికిరాదు, ఇందాక చెప్పిన 976 మీ దగ్గరుంటే దాన్నే వాడండి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఇక్కడ అచ్చు వేసే కేంద్రం లేదు. మా పిల్లల కాపీలు అమెరికాలో అచ్చై, ఓడెక్కి, కస్టమ్స్‌లో ఆగి, రావలసిన రోజుకి ఏడు వారాలు ఆలస్యంగా వచ్చాయి. ఈలోపు పుస్తకం ఆవిష్కరణ అని తల్లిదండ్రుల్ని పిలిచేశాం. ఆ రోజు పిల్లలు తమ పుస్తకాన్ని నా ఫోన్‌లో చూసుకున్నారు. పదిహేను మంది పిల్లలు ఒక్క ఫోన్ చుట్టూ. రిచ్‌మండ్ హిల్‌లో ఒకరి మేనత్త అప్పటికే పుస్తకం చదివేసి ఫోన్ చేసి మెచ్చుకుంది, రాసిన పిల్ల ఇంకా దాన్ని ముట్టుకోలేదు. అందుకని అమెజాన్ వద్దనను, రెండో మెట్టు మీద పెట్టండి అంటాను. ముందు ఇక్కడ అచ్చు కాపీలు పంచి, ఆ తర్వాత బయటివాళ్ల కోసం అందులో పెట్టండి.

ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టడం నాలుగో దారి, నాకు బాగా నచ్చేది కూడా. మన బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ మీలో చాలామంది మన పిల్లల కోసం వాడే ఉంటారు. అక్కడ కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి, అంటే ఎవరైనా చదవొచ్చు, అనువదించొచ్చు, అచ్చు వేసి అమ్ముకోవచ్చు కూడా, రాసినవాళ్ల పేరు చెప్తే చాలు. మా ఓల్ హైగ్ కథ ఎవరో ఒకరోజు తెలుగులోకి తెస్తే శ్రీకాకుళంలో పిల్లలు చదువుతారు, ఆ ఊహే ఎంతో బాగుంటుంది. కానీ ఆ అనుమతి ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం, పిల్లకి పదిహేడేళ్లు వచ్చి "నాకది ఇష్టం లేదు" అంటే మనం చేయగలిగింది తక్కువ. కాబట్టి ఇంట్లోవాళ్లకి ఈ మాట విడమరచి చెప్పండి, వాళ్లు వద్దంటే బలవంతం చేయకండి. ఎస్ఐఎల్ అనే భాషల సంస్థ వాళ్ల బ్లూమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకోటి ఉంది. నెట్ లేకపోయినా కంప్యూటర్‌లో పనిచేస్తుంది, మడిచి కుట్టే పుస్తకానికి పేజీల వరస అదే సర్దిపెడుతుంది, అమ్మకానికి వాడకూడదు అనే లైసెన్సు కూడా ఎంచుకోవచ్చు. దాంట్లో పిల్లల గొంతు రికార్డు చేసి పేజీలకి జతచేయొచ్చు. కరీబియన్‌లో కథంటే ముందు చెప్పుకునేది. హైతీలో కథ చెప్పేవాళ్లు "క్రిక్?" అంటే వినేవాళ్లు "క్రాక్!" అంటారు, అప్పుడుగానీ కథ మొదలవదు. చదవడం ఇంకా రాని తమ్ముడికి అక్క గొంతులో కథ వినబడటం అచ్చు పుస్తకంలో దొరకదు. ఫోన్లో నెట్ బ్యాలెన్స్ చూసుకుని వాడే ఇళ్లే ఎక్కువ కాబట్టి పీడీఎఫ్ చిన్న సైజులో చేసి వాట్సాప్‌లో కూడా పంపండి.

ఆన్‌లైన్ కాపీకి ఇక్కడ ఇంకో అవసరం ఉంది, తుఫాన్లు. 2017లో మరియా డొమినికాని, 2024 జూలై 1న బెరిల్ కారియకూ దీవిని ఎలా చేసిపోయాయో తెలిసిందే. అలాంటి చోట బీరువాలో ఉన్న ఒకే ఒక్క కాపీ మీద నమ్మకం పెట్టుకోలేం. ప్రతి పేజీని 300 డీపీఐలో స్కాన్ చేసి, దీవి బయట ఎక్కడో ఒకచోట దాచండి. 2004 నుంచి నడుస్తున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ది కరీబియన్ ఇలాంటి వాటి కోసమే ఉంది, మీ నేషనల్ లైబ్రరీ ద్వారా అడిగి చూడండి.

పోటీల గురించి రెండు మాటలు. కామన్‌వెల్త్ దేశాల పిల్లలకి 1883 నుంచి జరుగుతున్న క్వీన్స్ కామన్‌వెల్త్ ఎస్సే పోటీ ఉంది, ఫీజు లేదు, 14 ఏళ్ల లోపు వాళ్లకి ఒక విభాగం, 18 వరకూ ఇంకొకటి. ఆంటిగ్వా బార్బుడాలో 2004లో రచయిత్రి జొయాన్ హిల్‌హౌస్ మొదలుపెట్టిన వదాద్లీ పెన్ ఉంది, గెలిచిన కథలు అందరూ చదివేలా ఆన్‌లైన్‌లో పెడతారు. ఉత్సాహం ఉన్న పిల్లల్ని పంపండి. అయితే పోటీ అంటే గెలిచిన నలుగురి కథలే బయటికి వస్తాయి, మన పని ఇరవై మందివీ రావడం. పెద్ద ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లడం వల్ల పిల్లల సంకలనాలకి ఒరిగేది తక్కువ, వాళ్ల పని పెద్దలు పిల్లల కోసం రాసిన పుస్తకాలు. "మీ పిల్లల్ని రచయితలు చేస్తాం, ఒక్కొక్కరు ఇంత కట్టండి" అని మెయిలు చేసేవాళ్లకి మాత్రం జవాబే ఇవ్వకండి.

ఏ దారైనా భాష దగ్గర అందరికీ టెన్షన్ వస్తుంది. మా ఓల్ హైగ్ కథలో దెయ్యం గురించి ఇక్కడి వాడుక క్రెయోల్ ఇంగ్లీషులో "షి నా నో ఫు కౌంట్" అని ఉంది, దానికి లెక్కపెట్టడం రాదు అని. ఒక టీచరు ఎర్ర పెన్నుతో దాన్ని పుస్తకాల ఇంగ్లీషులోకి దిద్దారు. వాళ్ల భయం నాకర్థమవుతుంది, ఆరో తరగతి పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయి. కానీ కథ పరీక్ష కాదు కదా. గ్రాంథికం వ్యావహారికం గొడవ దాటొచ్చిన మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. నేను చేసేది ఇదీ: పిల్లల చేత గట్టిగా చదివిస్తాను, వాళ్లు నోటితో ఎలా అంటే అలాగే ఉంచుతాను, చదివేవాళ్లు తడబడే స్పెల్లింగు మాత్రం వాళ్లని అడిగి ఒకే తీరుగా మారుస్తాను. జమైకాలో అయితే 1961లో భాషావేత్త కాసిడీ చూపించిన పట్వా (అక్కడి వాడుక భాష) రాత పద్ధతి ఉంది, పిల్లల కథలకి అంత శాస్త్రీయంగా పోనక్కర్లేదు.

నాకీ విషయంలో పట్టుదల ఎందుకంటే, 1838 నుంచి ఇక్కడికి ఓడల్లో కూలీలుగా వచ్చినవాళ్లలో మద్రాసు నుంచి ఎక్కినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పుడు మా క్లబ్బులో వీరసామి అని ఇంటిపేరున్న పాప ఉంది, బెర్బిస్ వైపు వాళ్ల నాని (అమ్మమ్మ) కాళీమాయి పూజకి తీసుకెళ్తుందని రాసింది. ఆ ఇంట్లో వేపాకు ఉంది, పసుపు నీళ్లున్నాయి, ముత్తాతలు మాట్లాడిన భాషలో మాత్రం ఒక్క వాక్యం మిగల్లేదు. ఈ పాప ఇప్పుడు మాట్లాడే భాష కూడా ఎర్ర పెన్నుకి పోకూడదు.

అనుమతులు ఆఖర్న రాస్తున్నాను కానీ మీరు వీటితోనే మొదలుపెట్టండి. కథ రాసిన పిల్లలదే కాపీరైటు, స్కూలుదీ కాదు, మనదీ కాదు. జమైకాలో 2015 సవరణ తర్వాత అది రచయిత పోయాక 95 ఏళ్లు ఉంటుంది, ఆ లెక్కన ఒక తొమ్మిదేళ్ల పిల్ల కథ వచ్చే శతాబ్దం నడిమికి కూడా ఆమె కుటుంబానిదే. తల్లిదండ్రుల సంతకం అచ్చుకి ఒకటి, ఆన్‌లైన్‌కి ఒకటి విడివిడిగా తీసుకోండి, పిల్లల్ని కూడా అడగండి. పుస్తకంలో మొదటి పేరూ వయసూ చాలు, యూనిఫాం ఫొటోలు వద్దు. మోంట్‌సెరాట్ లాంటి చోట జనమంతా కలిపి ఐదు వేల లోపే, అక్కడ మొదటి పేరు వేసినా ఎవరో తెలిసిపోతుంది. కథలో నాన్న కొట్టాడనో, ఇంట్లో తాగుడనో ఉంటే, పిల్ల ఎంత బాగా రాసినా దాన్ని వేసే ముందు ఆ పిల్లతో ఒక్కదానితో, నెమ్మదిగా మాట్లాడండి. మేము అలాంటి కథ ఒకటి వేయలేదు, చక్కగా కుట్టి ఆ పాపకే ఇచ్చాం, ఒకే ఒక్క కాపీ.

కాపీలు ఎన్ని వేయాలి అంటారా, రాసిన ప్రతి పిల్లకీ రెండు ఉండేలా చూసుకుని మొదలుపెట్టండి, ఒకటి తనకి, ఒకటి తను ఇవ్వాలనుకున్నవాళ్లకి. మొన్నటి పుస్తకం రెండో కాపీని ఓల్ హైగ్ రాసిన పిల్లవాడు పక్కింటి ముసలావిడకి ఇచ్చి, ఆవిడకి చదవడం రాదని తెలిసి, మెట్ల మీద కూర్చుని మొత్తం చదివి వినిపించి వచ్చాడట.